బామ్మర్ది నింపిన తూటా

నేను ఒక ఇత్తడి తూటాను. అదిగో, అప్పుడే కుర్చీ వెనక్కి జరుపుకుంటున్నారు! భయపడకండి, నా కడుపులో ఇప్పుడేమీ లేదు. ఖాళీ తూటా అంటే ఒక పక్క మూసి, ఒక పక్క తెరిచిన గొట్టం, అంతే. మీ బొటనవేలు లోపల సరిగ్గా పడుతుంది. పెట్టకండి మరి. ఇరుక్కుంటే సబ్బునీళ్ళతో మీరే అవస్థ పడాలి, నేను మాత్రం నవ్వుతాను.

నేను పుట్టింది ఎక్కడో పెద్ద ఊళ్ళో, ఫ్యాక్టరీలో. ఇత్తడి రేకును మిషను కింద పెట్టి ఒక గుద్దు గుద్దితే గిన్నెలా గుంటపడ్డాను. ఇంకో గుద్దుకు గ్లాసులా సాగాను. మరికొన్ని తిన్నాక గొట్టాన్నయ్యాను. మనుషులు కూడా బళ్ళో ఇట్లాగే తయారవుతారని విన్నాను, కాకపోతే వాళ్ళలో కొందరు ఎన్ని గుద్దులు తిన్నా రేకులాగే మిగిలిపోతారట. గోదాములో నా పక్కన పడుకున్న రేకు హారతి పళ్ళెం అయిందనీ, దాని పక్కది తాళంకప్ప అయిందనీ తర్వాత తెలిసింది. ఎవరి రాత వాళ్ళది. ఒకరు దేవుడి ముందు వెలగాలి, ఒకరు తలుపుకు వేలాడాలి, నాలాంటివాడు అరవాలి.

అక్కడినుంచి రంపపు పొట్టు మధ్య, చెక్కపెట్టెలో, కడప టౌనులో ఒక తుపాకుల అంగడికి వచ్చాను. అద్దాల బీరువాలో మా కింద అరలో అట్ట తూటాలుండేవి. ఎర్ర అంగీలు, మెరిసే అంచులు, నిండు కడుపులు. పెండ్లికొడుకుల్లా నిక్కేవి. మేమేమో ఖాళీ కడుపులతో బోసిగా పడుండేవాళ్ళం. మా సంగతి వాటికి తెలియదు. అట్ట తూటా ఒక్కసారి పేలితే దాని బతుకు అయిపోయినట్టే, చిరిగి కిందపడుతుంది. ఇత్తడి తూటాను కడిగి మళ్ళీ నింపుకోవచ్చు. వాళ్ళది ఒక్కరోజు పెండ్లి, మాది కాపురం.

నన్ను కొన్నాయన పేరు పెంచలయ్య. కొండ కింద ఎర్రవంక అనే ఊరు, వంక అంటే వాగు, దాని పక్కనే చెనక్కాయల చేను. కాయ ఊరే కాలానికి కొండమీది అడవిపందులు బంధుబలగంతో దిగుతాయి. వాటిని బెదిరించడానికే పెంచలయ్యకు ఒంటిగొట్టం తుపాకీ, దానికో లైసెన్సు. మనిషి నిలువెత్తు, మీసం అడ్డవెడల్పు. మంచె మీద నిలబడి తుపాకీని ఆకాశానికెత్తి ఒక్కటి పేల్చాడంటే పందులు తోకలెత్తి కొండెక్కేవి. చంపడమన్నది ఆయన కోష్ఠీలోనే లేదు. కాని రచ్చబండ దగ్గర చెప్పేటప్పుడు మాత్రం ప్రతి గుండూ ఒక పంది చెవిని రాసుకుంటూ పోయేది. "పెంచలయ్య గురి అంటే గురే, ఆకాశం ఎంత చిన్నగున్నా తప్పడు" అనేవాళ్ళు ఊరివాళ్ళు. ఆయన దాన్ని మెచ్చుకోలుగానే తీసుకునేవాడు.

ఇక గుర్రప్ప. పెంచలయ్య భార్య ఓబులమ్మకు తమ్ముడు, పక్కింట్లోనే కాపురం. ఆ ఊళ్ళో ఎవరి మజ్జిగలో ఉప్పు ఎక్కువైనా, పంచాయతీలో కునికిపాట్లు పడే ఇద్దరు పెద్దమనుషుల పంచె కొంగులు ఒకదానికొకటి ముడిపడినా, జనం ముందు గుర్రప్ప ఇంటివైపే చూసేవాళ్ళు. ఆయన అప్పటికే అమాయకంగా పశువులకు గడ్డి వేస్తూ ఉండేవాడు.

అంగడాయన నింపి ఇచ్చిన నన్ను మొదటిసారి పేల్చాక పెంచలయ్య అలవాటు కొద్దీ మంచె కిందికి విసిరేశాడు. గుర్రప్ప ఏరుకుని, మట్టి తుడిచి, నా మూతిమీద ఊది ఒక ఈల వేశాడు.

"ఏం బావా, ఇంత గట్టి ఇత్తడిని ఒక్క సప్పుడుకే పారేస్తాండావే? చెంబును ఒకసారి నీళ్ళు తాగి ఇసిరేస్తావా?"

"అయితే ఎత్తుకోనిపోయి దాంట్లో నీళ్ళు తాగుపో."

"నీళ్ళు కాదులే. నింపుతా, సూడు."

అట్లా మొదలైంది. ఎట్లా నింపాలో అంగడాయన దగ్గర కూర్చుని నేర్చుకున్నాడు. మొదట్లో నన్ను నవ్వులపాలు చేశాడు. ఒకసారి 'తుస్సు'మన్నాను, ఇంకోసారి ఆ పాటి కూడా అనలేదు. పందులు తలెత్తి చూసి, మళ్ళీ కాయలు తవ్వుకున్నాయి. కాని గుర్రప్ప వదిలిపెట్టే రకం కాదు. పోనుపోను చెయ్యి కుదిరింది. కుదిరాక మరి చూడాలి ఆ మనిషిని!

మధ్యాహ్నం సంగటి తిన్నాక, ఎండ వసారా అంచు దాటేలోగా, చాప పరుచుకుని కూర్చునేవాడు. పాత టోపీని ముందు ఊడగొట్టేవాడు. టోపీ అంటే నా అడుగున ఉండే చిన్న బిళ్ళ. తుపాకీ సుత్తి తగిలితే నిప్పు పుట్టేది అక్కడే. తర్వాత చింతపండు, బూడిద వేసి నా లోపలా బయటా తోమేవాడు. పండక్కి పూజసామాను కూడా అంత శ్రద్ధగా ఎవరూ తోమరు. అక్క ఆరబెట్టిన వడియాల పక్కనే చేటలో మమ్మల్నీ ఎండబెట్టేవాడు. ఓబులమ్మ ఒకసారి చూపు ఆనక, వడియాలతో పాటు మమ్మల్ని కూడా డబ్బాకెత్తేసింది. నూనెలో పడకముందే గుర్రప్ప చూశాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పొద్దు వేపుడు బలే గట్టిగా ఉండేది.

ఆరాక కొత్త టోపీ. ఆపైన తుపాకీ మందు కొలిచి పోయడం. గొర్రెబొచ్చు పాత కంబళినుంచి గుండ్రంగా కత్తిరించిన బిళ్ళ ఒకటి దానిమీద దించి, చెక్కపుల్లతో అదమడం. సీసం రవ్వలు, వాటిమీద అట్టబిళ్ళ. ఆ అట్ట ఎక్కడిదనుకున్నారు? ఊళ్ళో మిగిలిపోయిన పెండ్లిపత్రికలది. ఎవరి పెండ్లి అచ్చు ఎంత మందంగా ఉంటే వాళ్ళమీద గుర్రప్పకు అంత గౌరవం. చివర అంచు చుట్టూ తేనెమైనం కరిగించి పూసేవాడు.

ఒక కట్టుబాటు ఉండేది. నింపేటప్పుడు ఎవరూ పలకరించకూడదు. మధ్యలో ఎవరైనా "ఏం గుర్రప్పా" అన్నారో, అంతవరకు పోసిందంతా వెనక్కి తీసి, మొదటినుంచి మళ్ళీ మొదలుపెట్టేవాడు. కోపం లేదు, తిట్టు లేదు. మందు పోశానా లేదా అన్న అనుమానం ఆవగింజంత కూడా మిగలకూడదని. ఊరందరితో ఆడుకునే మనిషి ఆ చాప మీద మాత్రం ఆడేవాడు కాదు. పెంచలయ్య ఎదురుగా కూర్చునేవాడు. మాట్లాడకుండా ఉండటం ఆయనకు చావుతో సమానం. అందుకని నోటినిండా ఆకువక్క పెట్టుకుని, బుగ్గలు ఉబ్బించి, కళ్ళతోనే చూస్తుండేవాడు.

అంతా అయ్యాక గుర్రప్ప నన్ను చెవి దగ్గర పెట్టుకుని ఊపేవాడు. లోపల ఏమీ కదలకూడదు. కదలకపోతే "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" కోసమే ఆయన అంతసేపూ వంగి కూర్చునేదని నా అనుమానం. పెంచలయ్య పరుగున పోయి ఆకువక్క ఉమ్మి వచ్చి, ఆపుకున్న మాటలన్నీ ఒక్క గుక్కలో మొదలుపెట్టేవాడు. అంగట్లో కొన్న తూటా పేలితే ఆయన ఒక్కడే మీసం దువ్వుకునేవాడు. బామ్మర్ది నింపింది పేలితే, మర్నాడు దాని ఖణేలుమనే మోతను ఇద్దరూ కూర్చుని చెప్పుకునేవాళ్ళు, కచేరీ విన్నవాళ్ళలాగా. "నిన్న రోంత గరగరమన్యాది గదరా." "కంబళి బిళ్ళ పాతది బావా. ఈసారి చూడు, నున్నగా పలుకుతాది."

ఇంత చక్కటి కాపురాన్ని చెడగొట్టింది ఒక పిడికెడు పసుపు.

ప్రొద్దుటూరునుంచి పెంచలయ్య వియ్యంకుడు వచ్చాడు. బట్టల అంగడాయన. తెల్ల చొక్కా, దానిమీద ఇస్త్రీ మడత కత్తి అంచులా నిలబడి ఉంటుంది. అట్లాంటి మనిషి ముందు మనవాడు ఊరుకుంటాడా? పందుల చెవుల కథలు మొదలుపెట్టి, చివరికి "సూపిస్తా రాండి బావగారూ, ఆ దిబ్బమీద కుండ పెట్టిస్తా, ఒక్క దెబ్బకు పెంకు పెంకు అయిపోవల్ల" అన్నాడు. సగం ఊరు వచ్చి నిలబడింది. తూటా తెమ్మని గుర్రప్పకు కబురు.

గుర్రప్ప నన్ను తెచ్చాడు. మందు నిజాయితీగానే పోశాడు. బిళ్ళ అదిమాడు. కాని సీసం రవ్వలు ఉండాల్సిన చోట, అక్క వంటింటి డబ్బాలోంచి తీసిన పసుపు దట్టించాడు. నాకు తెలుసు. నా కడుపులో ఏముందో నాకు తెలియదా? నాకు అరవడానికి నోరుంది గాని, చెప్పడానికి లేదు.

పెంచలయ్య కుండకు ఎదురుగా నిలబడి, మీసం తడుముకుని, చెంప తుపాకీకి ఆనించి నొక్కాడు. ఖణేల్! గొట్టంలోంచి పసుపుమేఘం ఒకటి లేచింది. గాలి ఎదురుగాలి. ఆ మేఘం రెండడుగులు ముందుకు పోయి, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి తిరిగి వచ్చి, పెంచలయ్య మీదా వియ్యంకుడి చొక్కామీదా వాలింది. కుండ చెక్కుచెదరలేదు. బావగార్లిద్దరూ మంగళస్నానానికి కూర్చున్న పెండ్లికొడుకుల్లా తయారయ్యారు.

అందరికంటే ముందు వియ్యంకుడే నవ్వాడు. నవ్వి నవ్వి నేలమీద కూలబడ్డాడు. ఊరు ఊరంతా పొట్టలు పట్టుకుంది. ముసలి నరసన్న "ఓబులమ్మా, బాసికాలు తేమ్మో!" అని కేక పెట్టాడు. నవ్వనిది ఒక్క పెంచలయ్యే.

ఆయన తిట్టలేదు కూడా. దాంతోనే గుర్రప్ప ముఖంలో నవ్వు ఆగిపోయింది. పొద్దు వాలాక బావి దగ్గర మెడ రుద్దుకుంటున్న బావ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"కోపమొచ్చిందా బావా? పసుపే గదా..."

పెంచలయ్య చేద కింద పెట్టాడు. "నవ్వినారు, నవ్వనీ. నవ్వితే సచ్చేదేం లేదు. ఇన్నేండ్లు నువ్వు నింపిందాన్ని ఒక్క పొద్దన్నా విప్పి చూసినానా? చెంప ఆనించి, కండ్లు మూసుకోని ఏసినా గదరా. అది చెంప పక్కన పేలేది. ఇంగమీద ఎట్ల ఏసేది?"

"మందు కాడ నేనెప్పుడన్నా ఆటలాడినానా బావా? రవ్వలు తీసి పసుపు పెట్టినా, అంతే."

"ఈ పొద్దు పసుపు" అని పెంచలయ్య చేద ఎత్తుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ రోజునుంచి మాటల్లేవు. మా ఇత్తడి తూటాలన్నీ ఒక సంచిలో పక్కింటికి వచ్చేశాయి. తుపాకీ, మందు, టోపీలు అక్కడ. గొట్టాలు, పుల్లలు, చెయ్యి ఇక్కడ. మొగుడూ పెళ్ళాం విడిపోయి ఒకరు తిరగలి పైరాయినీ, ఒకరు కిందిరాయినీ పంచుకున్నట్టయింది.

గుర్రప్ప ఎవరిమీదా పరాచకాలాడటం మానేశాడు. ఊళ్ళో మజ్జిగలన్నీ మజ్జిగల్లా ఉండేవి. మధ్యాహ్నమైతే మాత్రం చాప పరిచేవాడు. మమ్మల్ని చింతపండుతో తోమి తోమి, అద్దం చేసేవాడు. మందు లేదు కదా, కొర్రలు పోసేవాడు! కొర్రలమీద కంబళి బిళ్ళ పెట్టి, అదిమి, చెవి దగ్గర ఊపి, మళ్ళీ కొర్రలన్నీ చేటలోకి గుమ్మరించేవాడు. నేను చాలా మనుషుల్ని చూడలేదు గాని, దిగులుకు ఇంతకంటే వింత వంట చేసుకున్నవాడు ఇంకొకడుంటాడని అనుకోను. గోడవతల పెంచలయ్య అదే వేళకు వసారాలో కూర్చునేవాడు. ఆకువక్క వేసుకునేవాడు కాదు.

మధ్యలో ఓబులమ్మ. ఇటు తమ్ముడికి ఊరుబిండి పచ్చడి, అటు మొగుడికి చీవాట్లు. మర్నాడు మొగుడికి ఊరుబిండి, తమ్ముడికి చీవాట్లు.

చెనక్కాయ ఊరింది. ముసురు పట్టింది. పెంచలయ్య కొత్తగా కొనుక్కొచ్చిన ఎర్ర అంగీల అట్ట తూటాలు తేమకు ఉబ్బి, తుపాకీ గొట్టంలో దూరకుండా మొండికేశాయి. అంగట్లో నిక్కిన పెండ్లికొడుకులు ఇప్పుడు లావెక్కి గుమ్మంలో ఇరుక్కున్నారన్నమాట. నేను నవ్వలేదు. నవ్వాననుకోండి, కొంచెమే. పెంచలయ్య రేకుడబ్బా కొట్టుకుంటూ, గొంతు పోయేదాకా అరుస్తూ మంచెమీద నిలబడ్డాడు. డబ్బాకు పందులు రెండుసార్లు ఉలిక్కిపడి, మూడోసారికి తాళం అలవాటు చేసుకున్నాయి. కొండవారగా రెండు సాళ్ళు, ఆ పైన ఒక మడి, దున్నినట్టు తిరగేశాయి. ఇంకొన్నాళ్ళిట్లా పోతే పీకడానికి కాయ మిగలదు. ఏడాది తిండి అంతా ఆ చేనే.

ఒక పొద్దు ఓబులమ్మ చెట్టుమీద కాకి కూడా వినేటట్టు తలుపు తీసి, మందు డబ్బా, టోపీలు తమ్ముడి వసారాలో పెట్టింది.

"నింపు."

"బావ చెప్పినాడా?"

"మీ బావ చెప్పే రకమైతే నాకీ తిరుగుడు ఎందుకురా? ఆయప్ప మూతి ఒకపక్క, నీ మూతి ఒకపక్క, నడాన పందులకు పెండ్లి బోజనం. నింపు."

"నేను నింపితే ఏస్తాడా?"

"అది ఆయప్ప ఇష్టం. నింపేది నీ పని."

గుర్రప్ప చాప పరిచాడు. చేతులు చొక్కాకు రెండుసార్లు తుడుచుకున్నాడు. నన్ను నింపాడు. ఎవరూ పలకరించలేదు, అయినా అంతా విప్పేశాడు. మళ్ళీ నింపాడు. మళ్ళీ విప్పాడు. మందు కొలిచిన చేతిని అట్లాగే పట్టుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు. చివరికి మైనం పూసి చెవి దగ్గర ఊపాడు. లోపల ఏమీ కదలలేదు. కాని ఆ పొద్దు "ఊఁ" అనలేదు.

ఓబులమ్మ నన్ను కొంగున ముడివేసుకుని పోయి మొగుడి చేతిలో పెట్టింది. "ఇదో, మా తమ్ముడు నింపినాడు. ఏస్తే ఏయి. లేదంటే అట్నే కూకోని పందులకు రామాయణం చెప్పు."

పొద్దు గూకే వేళ ఎర్రవంక చేలల్లో ఒక ఆచారం. మంచెమీద కాపున్నవాళ్ళు ఒక మంచెనుంచి ఇంకో మంచెకు కూతలేసుకుంటారు. నిద్ర పట్టకుండా, ధైర్యంగా ఉంటుందని. ఆ కూతల్లో ఊరి సంగతులన్నీ నడుస్తాయి. ఓబులమ్మ కొంగుముడి సంగతి ఆమె ఇల్లు చేరకముందే చేలకు చేరింది.

"ఓ పెంచలయ్యోవ్!" నరసన్న మంచెమీదినుంచి కూత. "బామ్మర్ది తూటా పంపినాడంట గదా! ఈ పొద్దు కుంకుమనా, గందమా?"

అవతలి మంచెనుంచి ఇంకో గొంతు: "పందులు పేరంటానికి వస్తాండాయంట మావా, తాంబూలం సిద్దం సెయ్యి!"

పెంచలయ్య నన్ను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. ఊపి చూశాడు. పసుపు కూడా చప్పుడు చేయదని ఆయనకు తెలుసు. చేయి చాచి తుమ్మకొమ్మనుంచి ముల్లు ఒకటి విరిచాడు. దాని మొనను నా మూతి దగ్గరికి, మైనం అంచుకు తెచ్చాడు. ఒక్క గీత గీస్తే అట్టబిళ్ళ లేచివస్తుంది. ఏముందో కనబడుతుంది. పేలడం నాకు అలవాటే, దానికి నేనెప్పుడూ జంకలేదు. ఆ ముల్లు మొనకు మాత్రం, ఇత్తడినైనా, జంకాను.

నిచ్చెన కిర్రుమంది. గుర్రప్ప తల పైకి వచ్చింది. చేతిలో సంగటి గిన్నె.

"అక్క పంపించింది" అన్నాడు.

అప్పుడే ముల్లు చూశాడు. పెంచలయ్య దాన్ని దాచబోయి, దాచలేక, అట్లాగే పట్టుకున్నాడు. గుర్రప్ప గిన్నె కింద పెట్టి, మంచె మూలన మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.

"విప్పు బావా. విప్పి చూసుకో. నేనేమనుకోను."

"విప్పితే మళ్ళా నింపేది యాడరా ఈడ?"

"నింపేదానికి కాదు. నువ్వు చూసుకునేదానికి."

"ఏం పెట్టినావో చెప్పు."

"పెట్టాల్సింది పెట్టినా."

కొండవారన చెట్టు కొమ్మలు కదిలాయి. మొదట ఒక నల్లటి వీపు, దాని వెనక గుంపుకు గుంపు. చేను గట్టు దాటి, మిగిలిన మంచి కాయ ఉన్న మడివైపే నడుస్తున్నాయి. కూతలన్నీ ఆగిపోయాయి. ప్రతి మంచెమీదా తలలు ఇటే తిరిగాయి. వినడానికి కాదు, నవ్వడానికి.

పెంచలయ్య నన్ను చూశాడు. ముల్లును చూశాడు. బామ్మర్దిని చూడలేదు. నాలుక్కరుచుకున్నట్టు ముఖం పెట్టి, ఆ ముల్లుతో పంటిసందులో ఏదో కుట్టుకుని, దాన్ని చేలోకి విసిరేశాడు. నన్ను గొట్టంలోకి దూర్చాడు. సాఫీగా జారాను. తుపాకీ ఆకాశానికెత్తి, చెంప ఆనించి, గట్టిగా, ఎప్పట్లాగే, కళ్ళు రెండూ మూసుకున్నాడు.

ఎంత అరిచాననుకున్నారు! నా జన్మలో అట్లా అరవలేదు. నున్నగా, నిండుగా, కొండకు తగిలి ఇంకోసారి తిరిగొచ్చేటట్టు. పందులు ఒకదానిమీద ఒకటి పడుతూ లేస్తూ కొండెక్కాయి. ఆ ఖణేలు ఇంకా వంకలో దొర్లుతుండగానే, మంచెమీద మేకపిల్ల అరిచినట్టు ఒక చిన్న చప్పుడు వినిపించింది.

పెంచలయ్య కళ్ళు తెరిచి వెనక్కి తిరిగాడు. గుర్రప్ప మంచె గుంజను రెండు చేతులా కరుచుకుని, తల మోకాళ్ళ మధ్య దూర్చి, వణుకుతున్నాడు. సంగటి గిన్నె ఒళ్ళో బోర్లా పడింది. ఊరందరినీ ఆడించిన మనిషి, ఇన్నేండ్లు నన్ను నింపిన చెయ్యి, తుపాకీ చప్పుడుకు హడలిపోయే రకమని నాకూ అప్పుడే తెలిసింది! పేల్చే వేళకు ప్రతిసారీ ఆయనకు పశువుల కొట్టంలో ఏదో అర్జంటు పని ఎందుకు పడేదో అప్పుడు అర్థమైంది.

"ఒరేయ్... సప్పుడుకు బయపడతావంట్రా నువ్వు?"

"ఆఁ" అన్నాడు గుర్రప్ప కళ్ళు తెరవకుండానే. "చిన్నప్పట్నుంచీ."

"మరి ఈ పొద్దు ఎందుకొచ్చి కూకున్యావ్?"

"నువ్వు చెంప పెడితే, నేను చెవన్నా పెట్టాల గదా బావా."

పెంచలయ్య ఒక నవ్వు మొదలుపెట్టాడు, పొట్ట అడుగునుంచి. మంచె ఊగింది. కొండ సగం ఎక్కిన పందులు ఆ నవ్వు విని ఇంకొంచెం జోరుగా ఎక్కాయి. మీసం దువ్వుకుని, నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టి కూత వేశాడు:

"ఓ నరసన్నోవ్! పందులు పోయినాయి గాని, ఈడ మా మంచెమీద గుర్రం ఒకటి బెదిరి గుంజ పట్టుకున్యాది! దించేదానికి ఎవరన్నా రాండ్రా!"

చేలన్నీ గొల్లుమన్నాయి. గుర్రప్ప పంచె మీది సంగటి దులుపుకుంటూ, "ఏసినావ్, బావున్యాది. ఇంగ అందరికీ చెప్పుకుంటావ్" అని గొణిగాడు. ఆ గొణుగుడులో ఎంత సంతోషముందో, నేను వెచ్చగా, ఖాళీగా, వాళ్ళిద్దరి మధ్య పడి ఉండి విన్నాను. ఆ ఏడు కాయ ఇంటికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం చాప మళ్ళీ పరిచారు. ఆకువక్క నమలడమూ మొదలైంది. ఆ తర్వాత ఎన్నిసార్లు నింపుకున్నానో, ఎన్నిసార్లు అరిచానో లెక్క పెట్టలేదు. లెక్కలు అట్ట తూటాలకు అవసరం, వాటికి ఒకటి వరకే వస్తుంది.

ఇత్తడికీ ముసలితనం వస్తుంది. ప్రతి పేలుడుకూ ఉబ్బి, మళ్ళీ ముడుచుకుని, మూతి దగ్గర పలచబడతాం. పగిలినదాన్ని నింపితే చెంప పక్కనే చీలుతుంది. ఒక మధ్యాహ్నం గుర్రప్ప నన్ను తోమి, ఆరబెట్టి, కొత్త టోపీ పెట్టబోతూ ఆగాడు. ఆయనకు చూపు తగ్గింది, అందుకని బొటనవేలి గోటితో నా మూతి చుట్టూ నెమ్మదిగా గీశాడు. ఒకచోట గోరు తట్టుకుంది. ఇంకోసారి గీశాడు. మళ్ళీ అక్కడే తట్టుకుంది. వెంట్రుకలో సగం ఉండదు ఆ పగులు. నాకే తెలియదు అది ఎప్పుడు వచ్చిందో.

"ఇది పోయింది బావా" అని పక్కన పెట్టాడు.

కట్టుబాటు తప్పి పెంచలయ్య ఆకువక్క బుగ్గకు తోసి మాట్లాడాడు. "యాడరా? బంగారు మాదిరుండాదే. ఇంగొక్కసారి నింపు, నా చేతికి అలవాటైంది ఇది." నన్ను తీసుకుని ఎండలో పట్టి, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఒక కన్ను మూశాడు, ఇంకో కన్ను మూశాడు. "ఏం పగుల్రా? నాకేం కనపళ్ళా."

గుర్రప్ప అప్పటికే ఇంకో తూటా చేతిలోకి తీసుకున్నాడు. తలెత్తలేదు.

"నీకు కనపడాల్సిన పన్లేదు బావా."

పెంచలయ్య చెయ్యి గాల్లో ఆగిపోయింది. బామ్మర్ది వంగిన తలను చూశాడు. తర్వాత నన్ను మళ్ళీ తిప్పి చూడకుండానే, చేయి చాచి, గోడవారన ఉన్న పాత సామాను గంపలో వేసేశాడు.

అక్కడే ఉన్నానిప్పుడు. నా కింద సొట్టపోయిన చెంబు ఒకటి, పైన తోక ఊడిన గరిటె. ఇద్దరికీ తమను పారేసినవాళ్ళమీద చెప్పలేనంత కోపం. నన్నూ ఏదో ఒకటి అనమంటారు. నాకు అనడానికేం దొరకడం లేదు. గంప పక్కన చాపమీద ఎవరో కొత్తవాడి కడుపులో మందు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఎవరూ మాట్లాడటం లేదు. మీరు కూడా కాసేపు గమ్మునుండండి.